మహాప్రసాద్ పలకని పేరు

మిల్లులో రోజూ పొద్దున హాజరు పట్టీ పట్టుకుని నలభై ముగ్గురి పేర్లు పిలిచేవాణ్ణి. నలభై నాలుగో మనిషి దగ్గరికి వచ్చేసరికి తలెత్తి చూసేవాణ్ణి. అతను కనిపిస్తే చాలు, టిక్కు పెట్టి పట్టీ మూసేసేవాణ్ణి. కొత్తగా చేరిన కూలీలు ఇదేం పక్షపాతం అని గొణిగేవారు. "వాళ్ళిద్దరూ మహాప్రసాద్‌లు. ఒకరి పేరు ఒకరు పలకరు" అని పాతవాళ్ళు వాళ్ళకు సర్దిచెప్పేవారు.

ఆ పేరు పలకని కట్టుబాటును నేను దేనికి వాడుకున్నానో ఇప్పుడు చెప్తాను. ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే విసుక్కుని లేచిపోయేవాణ్ణి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, తప్పు నాదైనప్పుడు ఇంకాస్త ముందుకొస్తుంది.

నేను పుట్టి పెరిగింది రాయ్‌పూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో. మా నాన్న పలాస దగ్గర పల్లె నుంచి వచ్చి వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరాడు. నాకు రైల్వేలో ఉద్యోగం రాలేదు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజుల్లో తిల్దాలో ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో సూపర్‌వైజరుగా కుదిరాను. స్టేషను వెనక ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి, ఆదివారం కాలనీకి వచ్చేవాణ్ణి.

మొదటి వానాకాలంలోనే టైఫాయిడ్ పట్టుకుంది. మూడు రోజులు పనికి వెళ్ళకపోతే మిల్లువాళ్ళెవరూ పట్టించుకోలేదు గానీ, పక్క ఊరి నుంచి సైకిలు మీద పనికొచ్చే ఒక కూలీ నా గది వెతుక్కుంటూ వచ్చాడు. నుదుటి మీద చెయ్యేసి చూశాడు. ఆ సాయంత్రమే బండి కట్టించి నన్ను వాళ్ళ ఊరికి తీసుకెళ్ళాడు. పద్దెనిమిది రోజులు వాళ్ళింట్లో ఉన్నాను. వాళ్ళమ్మ పల్చటి బియ్యం జావ తాగించింది. రోజుకు నాలుగైదుసార్లు అతను వచ్చి నుదురు తాకి, జ్వరం ఎంతుందో తన చేతి లెక్కన తేల్చి చెప్పి వెళ్ళేవాడు. తర్వాత డాక్టరు థర్మామీటరు పెట్టి చూస్తే ఆ లెక్క పెద్దగా తప్పేది కాదు.

నేను కోలుకున్నాక మా అమ్మ ఆ ఊరు చూడ్డానికి వచ్చింది. వాళ్ళు గిన్నెలో పోసి పెట్టిన బాసీ చూసి, "ఇది మన సద్దన్నమేరా" అని ముచ్చటపడిపోయి ఉల్లిపాయ నంజుకుని తినేసింది. ఆ చలికాలం నాన్న పూరీ వెళ్ళి జగన్నాథుడి ఎండు ప్రసాదం తెచ్చాడు. అది పట్టుకుని ఊరికి వెళ్ళాను. ఊరి పెద్దల్ని చాప మీద కూర్చోబెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ ప్రసాదం నాలుగు మెతుకులు నా నోట్లో అతనూ, అతని నోట్లో నేనూ పెట్టుకున్నాం. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో దీన్ని మితాన్ కట్టడం అంటారు. ఆ పూట నుంచి ఇద్దరూ ఒకరికొకరు 'మహాప్రసాద్'. కలిస్తే 'సీతారామ్ మహాప్రసాద్' అనుకోవాలి. అతనికి మా అమ్మ 'ఫూల్ దాయి', మా నాన్న 'ఫూల్ దదా'. పేరు మాత్రం చచ్చేదాకా నోట రాకూడదు, మితాన్ తండ్రి పేరు కూడా. అన్నదమ్ములైనా కొట్టుకుని విడిపోతారు గానీ మితాన్‌లు విడిపోరని వాళ్ళ నమ్మకం.

మరో నాలుగేళ్ళకు ఆ దుర్ఘటన జరిగింది. ఉడికించిన వడ్లను పెద్ద ఇనప బిన్నుల్లో పోస్తారు. అడుగున గేటు తీస్తే వడ్లు కిందికి జారాలి. ఆ మధ్యాహ్నం ఒక బిన్నులో వడ్లు గోడకు అట్టకట్టి ఆగిపోయాయి. అలాంటప్పుడు మిషను ఆపి, అడుగు గేటు మూసి, నడుముకు తాడు కట్టి మనిషిని దింపి వెదురుకర్రతో పొడిపించాలి. తాడు గోడౌనులో ఉంది. బయట లారీలు నిలబడి ఉన్నాయి, మిల్లు యజమాని సేఠ్ రెండుసార్లు ఫోన్ చేసి అరిచాడు. బిన్ను మీద ఇద్దరున్నారు. ఒకడు నా మహాప్రసాద్. రెండోవాడు అతనే పనిలో పెట్టించిన అతని ఊరివాడు, ముప్పై దాటిన మనిషి, కబీర్ పంథీ. మెళ్ళో తులసి కంఠి ఉండేది. అది వేసుకున్నవాళ్ళు మందు, మాంసం ముట్టరు.

"గేటు తీసే ఉంది సాబ్" అన్నాడు ఆ రెండోవాడు కిందికి చూస్తూ.

"ఉతర్ జా, కుఛు నఇ హోవయ్" అన్నాను. దిగు, ఏమీ కాదు. వాళ్ళ భాషలోనే, నవ్వుతూనే అన్నాను. అందుకే కాబోలు నమ్మి దిగాడు. కర్రతో రెండు పోట్లు పొడిచాడో లేదో అట్టకట్టిన వడ్లన్నీ ఒక్కసారి కూలి అతన్ని లోపలికి లాగేశాయి. నా మహాప్రసాద్ బోర్లా పడుకుని చెయ్యి చాచాడు గానీ అందలేదు. బిన్ను అడుగు కోసి బయటికి తీసేసరికి గంట దాటింది. కంఠి పూసల మధ్య కూడా వడ్లు ఇరుక్కున్నాయి.

అది షిఫ్టు మారే వేళ. నా డ్యూటీ రెండింటికి అయిపోతుంది. పని మిగిలినా రెండింటికే సంతకం పెట్టేసి, తర్వాత మిగతాది చూసుకోవడం అక్కడ అందరికీ అలవాటు. రెండో సూపర్‌వైజరు కూడా తెలుగువాడే, విజయనగరం వైపు మనిషి. అతను ఆలస్యంగా వచ్చినా రెండింటికే వచ్చినట్టు సంతకం చేసేవాడు. ప్రమాదం జరిగింది రెండుంబావుకు. కాగితాల ప్రకారం అప్పటికి నేను మిల్లులో లేను.

సాయంత్రం సేఠ్ నన్ను ఆఫీసులో కూర్చోబెట్టి రిపోర్టు రాయమన్నాడు. నా హిందీ చేతిరాత బాగుంటుందని ఎప్పుడూ మెచ్చుకునేవాడు. 'తాగిన మైకంలో, ఎవరూ చెప్పకుండా, తనంతట తానే బిన్నులోకి దిగాడు' అని మిల్లు తరఫున రాసి కింద సంతకం పెట్టాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి.

చనిపోయినవాడి తల్లి ఆ రాత సంగతి పోలీసుల దగ్గర విన్నది. ముసలామె, ఒక్కడే కొడుకు. ఆమె మిల్లు గేటు ముందుకొచ్చింది గానీ ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. "నా కొడుకు చచ్చిపోయాడు, సరే. కంఠి వేసుకున్నవాణ్ణి తాగాడని రాశారు. ఆ మాట కొట్టేయించండి. నాకింకేం వద్దు" అంది. ఆ తర్వాత ఎవరు పలకరించినా అదే మాట. కొట్టేయించాలంటే దిగమన్నదెవరో తేలాలి, తేల్చగలిగిన సాక్షి ఒక్కడే. నా మహాప్రసాద్ ఆమె కాళ్ళు ముట్టుకుని, ఉన్నది ఉన్నట్టు కోర్టులో చెప్తానని మాటిచ్చాడు. పోలీసుల ముందు "మా మహాప్రసాద్ దిగమన్నాడు" అనే చెప్పాడు. అతని మహాప్రసాద్ ఎవరో తిల్దాలో అందరికీ తెలుసు గనక వాళ్ళే నా పేరు రాసుకున్నారు. నిర్లక్ష్యంతో చావుకు కారణమయ్యానని నా మీద కేసు పడింది.

ఇంత జరిగినా అతను నాతో మాట మానలేదు. కనిపిస్తే 'సీతారామ్ మహాప్రసాద్' అనేవాడు. "నేను నిజం చెప్తాను. నువ్వూ చెప్పు. ఇద్దరం చెప్తే శిక్ష తక్కువే పడుతుంది, పాపం కూడా తక్కువే" అన్నాడొకసారి. నేను తల ఊపాను. ఆ తల ఊపడం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు ఒళ్ళు మండుతుంది.

మా అమ్మ ఊరుకోలేదు. "తాగినాడని నువ్వు సూసినావేట్రా?" అంది.

"నీకు తెలీదమ్మా, జైల్లో పెడతారు. ఉద్యోగం పోతాది."

"పోతే పోనీ. ఆ ముసిల్దానికి కొడుకెలాగూ పోనాడు, పేరైనా ఒగ్గెయ్యండిరా."

నేను కంచం తోసేసి లేచాను.

రాయ్‌పూర్ కోర్టులో సాక్ష్యాల దాకా రావడానికి మూడేళ్ళు పట్టింది. నా వకీలు చురుకైనవాడు. సాక్షి నాకేమవుతాడని అడిగితే మితాన్ సంగతి చెప్పాను. అక్కడితో ఆగినా బాగుండేది. "అతను నా పేరు పలకడు. ప్రాణం పోయినా పలకడు" అన్నాను. వకీలు రాసుకుంటున్న కలం ఆపి నా మొహంలోకి చూశాడు. ఆ మాట దేనికి పనికొస్తుందో చెప్పేటప్పుడే నాకు తెలుసు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటారే, నేను లెక్కపెట్టి పరాయివాడి చేతికి అందించాను.

"ఆ రోజు మీరు లోపలికి రావద్దు. జ్వరమని హాజరు మాఫీకి దరఖాస్తు పెడతాను. ఎదురుగా మీరు లేకపోతే వేలు పెట్టి చూపించడానికి ఉండదు" అన్నాడు వకీలు.

కోట్వార్ అనే ఊరి తలారి సమన్లు అందించిన రోజు నుంచీ నా మహాప్రసాద్ ఆ సాక్ష్యం కోసం ఒక జత తెల్లబట్టలు దాచుకున్నాడని తర్వాత విన్నాను. ఆ పొద్దున అవే తొడుక్కుని, ముసలామెను వెంటబెట్టుకుని ప్యాసింజరు బండిలో వచ్చాడు. నేను ఇంట్లో ఉండలేకపోయాను. వచ్చి, కోర్టు వరండాలో కిటికీ పక్కన గోడకానుకుని నిలబడ్డాను. తేలు కుట్టిన దొంగ అంటారే, ఆ బాపతు.

లోపల అతను జరిగిందంతా చెప్పాడు. గేటు తీసి ఉందన్నాడు, తాడు లేదన్నాడు, చనిపోయినవాడు ఏనాడూ తాగలేదన్నాడు. దిగమన్నది మా మహాప్రసాద్ అన్నాడు.

నా వకీలు లేచాడు. "మహాప్రసాద్ అనేది మనిషి పేరు కాదు. అతని పేరేమిటి?"

"పలకకూడదు సాబ్."

"మిల్లులో ఏం పని చేస్తాడు?"

"సూపర్‌వైజరు."

"ఇద్దరు సూపర్‌వైజర్లున్నారు. ఇద్దరూ తెలుగువాళ్ళే. రిజిస్టరు ప్రకారం ఆ వేళకు డ్యూటీలో ఉన్నది రెండో అతను. నువ్వు చెప్పేది ఎవరి గురించి?"

"నా మహాప్రసాద్ గురించి. నాకు ఒక్కడే."

"పోనీ అతని తండ్రి పేరు చెప్పు."

"ఫూల్ దదా పేరు కూడా పలకకూడదు సాబ్."

వెనక బల్లల మీద ఎవరో నవ్వారు. మేజిస్ట్రేటు వేరే ప్రాంతం మనిషి, ఆ ఆచారం ఆయనకు కొత్త. కోపంగా కాదు, ఓపికగానే అడిగాడు. "నిజం చెప్తానని ఇప్పుడే ప్రమాణం చేశావు కదా?"

"చేశాను సాబ్. ఇది రెండో ప్రమాణం. జగన్నాథుడి మెతుకులు నోట్లో పెట్టుకుని చేసింది మొదటిది. మొదటిది తప్పినవాడు రెండోది నిలబెడతాడని మీరెలా నమ్ముతారు?"

సాక్ష్యం టైపు చేస్తున్న గుమస్తా ఈ ప్రాంతం మనిషే, వేళ్ళు ఆపేసి తల దించుకున్నాడు. "అతన్ని ఇక్కడికి రమ్మనండి సాబ్. పేరు పలకను గానీ వేలు చూపిస్తాను. వేలు చూపిస్తే తప్పులేదు" అన్నాడు నా మహాప్రసాద్. అతనికి ఈరోజు జ్వరమని నా వకీలు దరఖాస్తు చూపించాడు.

నేను కిటికీ ఇవతల నాలుగడుగుల దూరంలో ఉన్నాను. తలుపు తీసే ఉంది. లోపలికి నడిస్తే చాలు, నోరు కూడా తెరవక్కర్లేదు. నడవలేదు. సాక్షి ఆ మనిషి పేరు చెప్పలేకపోయాడని రాసుకుని అతన్ని పంపించేశారు. సర్కారీ వకీలు ఇంకో తేదీకి మళ్ళీ పిలిపించమని అడగొచ్చు, ఆయన అప్పటికే వేరే ఫైలు విప్పుతున్నాడు.

అతను బయటికొచ్చి నన్ను చూశాడు. పారిపోయే వ్యవధి లేకపోయింది. రెండు చేతులూ జోడించి, "సీతారామ్ మహాప్రసాద్" అన్నాడు. తర్వాత దగ్గరికొచ్చి, కంగారుగా నా నుదుటి మీద చెయ్యి వేశాడు. కాసేపు అలాగే ఉంచాడు.

"జ్వరం లేదు" అన్నాడు.

చెయ్యి తీసేసి ముసలామె దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆమె ఏదో అడిగింది. అతను చెప్పిన జవాబు నాకు వినపడలేదు.

అనుమానం మిగిలిందని నన్ను వదిలేశారు. 'తాగిన మైకంలో' అన్నది అలాగే ఉండిపోయింది. ఊరి పెద్దలు బైఠక్ పెట్టి, పరాయివాడి కోసం సొంత ఊరివాణ్ణి అమ్మేశావని నా మహాప్రసాద్‌ను వెలేశారు. రెండేళ్ళు ఊరి మంగలి అతని గడ్డం గీయలేదు, గీయించుకోవడానికి తిల్దా వచ్చేవాడట. నేను మిల్లు మానేసి సిల్తారాలో ఒక ఇనుము ఫ్యాక్టరీ ఆఫీసులో చేరాను. ఆ వైపు వెళ్ళే రైలెక్కడం కూడా మానేశాను.

తీర్పు రోజున వకీలు భుజం తట్టి, ఇక ఆ కేసులో మిమ్మల్ని ఎవరూ ఏమీ చెయ్యలేరన్నాడు. అమ్మ ఆ మాట పట్టుకుంది. "ఇప్పుడింక బయమేటి? ఎల్లి ఆ ముసిల్దానికి సెప్పు" అని ఏడాదికోసారైనా అడిగేది. నిజమే, చెప్పినా నాకు శిక్ష లేదు. ఆరేళ్ళు చెప్పలేదు. భయం పోయాక మిగిలింది ఉత్త సిగ్గు, అది భయం కంటే గట్టిగా నోరు మూసింది.

అమ్మ పోయినప్పుడు నేనతనికి కబురు పెట్టలేదు. ఎలా తెలిసిందో పదోరోజుకు వచ్చాడు. ఫూల్ దాయి పోతే కొడుకులాగే గుండు చేయించుకోవాలి. కాలనీ మంగలి ముందు నా పక్కనే కూర్చుని చేయించుకున్నాడు. పిండాలు పెట్టినంతసేపూ నా వెనకే ఉన్నాడు. భోజనాలయ్యాక చెప్పులు వేసుకుని, వరండాలో బంధువులందరూ ఉండగా నన్ను పిలిచాడు.

నా పేరు పెట్టి పిలిచాడు. ఇంటిపేరుతో సహా, సమన్లలో ఉన్నట్టు పూర్తిగా. మా బంధువులకు అందులో వింతేమీ కనిపించలేదు.

"ఫూల్ దాయి ఉన్నంతవరకూ తెంచకూడదనుకున్నాను. ఇప్పుడామె లేదు" అన్నాడు. "ముసలమ్మకు చూపు పోయింది. చెవులున్నాయి. వచ్చి చెప్పు."

"వస్తాను, మహాప్రసాద్" అన్నాను.

"పేరు పెట్టి పిలువు" అన్నాడు. నేను పిలవలేదు. అతను వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారమే వెళ్ళాను. ముసలామె గుమ్మంలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. అడుగుల చప్పుడుకు "కోన్ ఆయ్?" అంది. ఎవరది? ఒకప్పుడైతే ఆ ఊళ్ళో మహాప్రసాద్‌నంటే సరిపోయేది. ఆ చుట్టరికం ఇప్పుడు లేదు. నా పేరు నేనే చెప్పుకోవాల్సి వచ్చింది. నన్ను రమ్మన్నవాడు గోడ పక్కన నిలబడి వింటున్నాడు.

"నీ కొడుకు తాగలేదమ్మా. నేనే దిగమన్నాను. గేటు మూయించలేదు" అన్నాను.

ఆమె చేతులు ఆగలేదు. "వాడు తాగలేదని నాకు తెలీదా? అక్కడ చెప్పావా?"

"లేదు."

"మరి నాకెందుకు చెప్తావు? రాసింది నేను కాదుగా" అంది. నాకు మంచినీళ్ళిమ్మని అతనికి చెప్పింది. అతను ఇచ్చాడు, తాగాను.

మర్నాడు రాయ్‌పూర్ కోర్టుకెళ్ళాను. కేసు ముగిసిపోయినా, నిజం ఇదని ఒక కాగితం మీద ప్రమాణం చేసి ఆమె చేతికిద్దామనుకున్నాను. చెట్టు కింద టైపిస్టు మిషనులో కాగితం ఎక్కించి, "పేరు చెప్పండి" అన్నాడు. రేపు వస్తానన్నాను.

మళ్ళీ వెళ్ళలేదు. ఇంట్లో కూర్చుని ఇదంతా రాశాను. ఇందులోనూ నా పేరు రాయలేదు.